బ్రాకెట్లో చిక్కిన అరవై ఏడు లక్షలు: ఒక సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ సమీక్ష

క్యాలిక్యులేటర్‌కు కూడా సమీక్ష రాస్తారా అని మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. నిజానికి దాని మీద ఉన్న మీటలన్నిటి గురించి రాసే ఉద్దేశం నాకు లేదు. సమీకరణాలు, మాత్రికలు, సమాకలనాలు అంటూ పెట్టె మీద పెద్ద జాబితా ఉంది కానీ, వాటి మంచిచెడ్డలు ఇంజనీరింగ్ చదివే పిల్లలే బాగా చెప్పగలరు. నేను నెలన్నర రోజులుగా వాడుతున్నది ఒకే ఒక్క సౌకర్యం: తెర మీద ఉన్న పూర్ణసంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి చూపే మీట. కంపెనీ పేరు, మోడల్ నంబరు కావాలనే రాయడం లేదు. ఈ మీట ఉన్న ఏ యంత్రాన్నయినా కొనేముందు ఇవే పరీక్షలు పెట్టి చూసుకోవచ్చు కాబట్టి, పేరు కన్నా పరీక్ష చెప్పడమే ఉపయోగమని నా అభిప్రాయం.

కొన్నది బెంగళూరు ఎస్పీ రోడ్డులో. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి కారణాంకాల మీద ఈమధ్య సరదా పుట్టింది. ఫోనులో అయితే ఏ సంఖ్యకైనా జవాబు క్షణంలో వస్తుంది, ఆ వెంటనే ఇంకేదో వీడియో కూడా వస్తుంది. అందుకని ఫోను కాని వస్తువు ఒకటి చేతికివ్వాలనుకున్నాను. అంతకుముందు ఆన్‌లైనులో తెప్పించిన ఒక యంత్రానికి వివరణలో ఈ సౌకర్యం ఉందని రాశారు గానీ, పెట్టె విప్పి చూస్తే ఆ మీటే లేదు. దాన్ని తిప్పి పంపడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈసారి అటువంటి తలనొప్పి లేకుండా కౌంటరు దగ్గరే నొక్కి చూసి కొనాలని బయలుదేరాను. దుకాణం ఆయన నాతో తెలుగులోను, పక్కనున్న కుర్రాడితో కన్నడంలోను, ఫోనులో తమిళంలోను మాట్లాడుతూనే మూడు రకాల క్యాలిక్యులేటర్లు తీసి అద్దం మీద పరిచారు. నేను ఒక్కొక్కదానిలో పది అంకెల సంఖ్యలు వేసి చూస్తుంటే, "ఏం సార్, పట్టుచీర అంచు చూసినట్టు చూస్తున్నారే, అన్నీ లెక్కలు చేసేవే కదా" అన్నారు. అన్నీ లెక్కలు చేసేవే, ఆయన మాట నిజమే. నాకు కావలసినది మాత్రం లెక్క తనకు ఎక్కడ అందలేదో అక్కడ ఆగే యంత్రం.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది: హద్దు ఎక్కడ ఉందో కనుక్కొని, దానికి ఒకటి ముందు, సరిగ్గా దాని మీద, ఒకటి తరువాత వేసి చూడటం. కంప్యూటరు ముప్పై రెండు బిట్లలో, అంటే ముప్పై రెండు 0, 1 గళ్ళలో, సంఖ్యను దాచుకుంటే దాని హద్దు 2 కి 32వ ఘాతం, అంటే 429,49,67,296. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం ఇన్నే ఉంటాయి. ఈ ఊళ్ళో మనవాళ్ళలో సగం మందికి తమ ఫోను నంబరు కన్నా ముందు గుర్తొచ్చే సంఖ్య ఇది. నా అదృష్టం కొద్దీ దానికి అటూ ఇటూ ఉన్న రెండు సంఖ్యలు గణితంలో కూడా మామూలువి కావు. అందుచేత ఈ మూడు సంఖ్యలతోనే పరీక్ష మొదలుపెట్టాను.

నడిమి సంఖ్యకు 2³² అని రావడంలో వింత లేదు. దానికి ఒకటి తక్కువైన 429,49,67,295 వేసి మీట నొక్కితే తెర మీద 3×5×17×257×65537 అని వచ్చింది, బ్రాకెట్లు లేవు, ఏమీ లేవు. ఈ వరుసను ఒకసారి నిదానంగా చూడాలి. ఐదూ వేరువేరు ప్రధాన సంఖ్యలు, ప్రతిదీ 2 యొక్క ఏదో ఒక ఘాతానికి ఒకటి కలిపితే వచ్చినదే: 2+1, 4+1, 16+1, 256+1, 65536+1. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అని గింజలు పోసిన కథ మనవాళ్ళందరికీ తెలుసు. ఆ బల్లలో సరిగ్గా సగం, అంటే ముప్పై రెండు గళ్ళు నిండేసరికి చేరే గింజలు 429,49,67,295. పంతొమ్మిదేళ్ళు నిండకముందే జర్మన్ గణితజ్ఞుడు గాస్ 1796లో పదిహేడు భుజాల సమబహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని కనుక్కున్నాడు. ఆయన చెప్పిన నియమం ప్రకారం భుజాల సంఖ్య బేసి అయితే అది ఇలాంటి ప్రధాన సంఖ్యల లబ్ధం అయి ఉండాలి, ఏ ఒక్కటీ రెండుసార్లు రాకూడదు. నియమం రెండో వైపు, అంటే దానికి లొంగనివాటిని గీయలేమన్న సంగతి, నిరూపణను వాంట్‌జెల్ 1837లో పూర్తిచేశాడు. ఇలాంటి ప్రధాన సంఖ్యలు ఇప్పటివరకు మనకు తెలిసినవి ఈ ఐదే. కనుక స్కేలు, వృత్తలేఖినితో గీయగలమని తెలిసిన బేసి భుజాల సమబహుభుజులలో అన్నిటికన్నా పెద్దదానికి 429,49,67,295 భుజాలు ఉంటాయి. ఇంత సమాచారం ఉన్న సంఖ్యను అరచేతి యంత్రం ఒక్క వరుసలో విప్పి చూపించినప్పుడు, దుకాణం ఆయన ఎదురుగా ఉన్నారని మరిచిపోయి "ఆహా" అన్నాను. ఆ పాటికి ఆయన బేరం కుదిరిందనుకున్నారు.

అసలు పరీక్ష మూడోది. 429,49,67,297 వేసి నొక్కితే 641×(6700417) అని వచ్చింది. మొదటి కారణాంకం మామూలుగా, రెండోది బ్రాకెట్లలో.

ఈ సంఖ్య వెనుక ఒక పెద్దమనిషి తప్పు ఉంది. పైన చెప్పిన ఐదు ప్రధాన సంఖ్యలను చూసి, ఇదే వరుసలో వచ్చే సంఖ్యలన్నీ ప్రధానాలేనని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా 1640 ప్రాంతంలో ఉత్తరాలలో రాశాడు. వరుసలో ప్రతిసారీ ముందరి ఘాతాన్ని వర్గం చేసి ఒకటి కలుపుతాం, కనుక 65536+1 తర్వాతిది 2³²+1, అదే మన మూడో సంఖ్య. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఈ సంగతిని తన తోటి గణితజ్ఞుడు ఆయిలర్‌కు ఉత్తరం ద్వారా గుర్తుచేశాడు. 1729 అనగానే మనకు రామానుజన్ టాక్సీ నంబరు గుర్తొస్తుంది, ఇక్కడ అది కేవలం సంవత్సరం. 1732లో ఆయిలర్ దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించాడు. తొంభై ఏళ్ళపాటు నిలిచిన మాట మూడంకెల సంఖ్యకు ఓడిపోయింది. అదే 1640లో ఫెర్మా మరో ఉత్తరంలో రాసిన తన సొంత సిద్ధాంతాన్నే వాడుకుంటే, ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా 64 గుణిజానికి ఒకటి ఎక్కువగానే ఉండాలని తేలుతుంది. అటువంటి ప్రధానాలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదో భాగాహారంలో దొరికేది ఆయనకు దొరకలేదు. చేసి చూడలేదో, చేసినప్పుడు లెక్క తప్పాడో మరి.

ఇప్పుడు ఆ బ్రాకెట్ సంగతి, ఎందుకంటే ఈ సమీక్షకు మూలం అదే. యంత్రంతో పాటు వచ్చే సూచనల కాగితంలో, చీమ కాళ్ళంత అక్షరాలలో, విడగొట్టలేని భాగాన్ని బ్రాకెట్లో చూపిస్తామని రాసి ఉంది. మూడంకెల కన్నా పెద్దవైన కారణాంకాలు రెండు ఉంటే విడగొట్టలేమని, ఒక కారణాంకం 10,18,081 గానీ అంతకు మించి గానీ ఉన్నా అంతేనని కూడా ఉంది. ఈ 10,18,081 ఎక్కడినుంచి వచ్చిందా అని మొదట అర్థం కాలేదు. వర్గమూలం తీస్తే 1009 వచ్చింది. దానితో చిక్కుముడి విడిపోయింది. మూడంకెల ప్రధాన సంఖ్యలలో చివరిది 997, దాని తర్వాతిది 1009. యంత్రం రెండు నుంచి 997 దాకా ఉన్న నూట అరవై ఎనిమిది ప్రధానాలతో వరుసగా భాగించుకుంటూ పోతుంది. అన్నీ అయిపోయాక మిగిలిన సంఖ్య 1009 వర్గం కన్నా చిన్నదైతే అది తప్పకుండా ప్రధానమే. ఎందుకంటే అది విడిపోయేదైతే దాని కారణాంకాలు రెండూ కనీసం 1009 ఉండాలి, అప్పుడు లబ్ధం ఆ వర్గం దాకా చేరాలి. అందుకే 65537కు బ్రాకెట్ పడలేదు. మిగిలినది ఆ హద్దు దాటితే యంత్రానికి ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకుంటూ బ్రాకెట్ పెడుతుంది.

ఈ ఒప్పుకోలు నాకు నచ్చింది. అదే దుకాణంలో చూసిన మరో యంత్రం ఇదే సంఖ్యకు లోపం అని మాత్రం చూపి, అప్పటికే దొరికిన 641ని కూడా మింగేసింది. తెలిసినంతవరకు చెప్పి తెలియని చోట గీత గీయడం ఎంత విలువైనదో నా ఉద్యోగంలో రోజూ చూస్తున్నాను.

అయినా ఫిర్యాదు ఒకటి ఉంది, అది చిన్నది కాదు. బ్రాకెట్లో ఉన్నది ప్రధానమో కాదో యంత్రం చెప్పదు. 10,18,081 వేస్తే (1018081) అని వస్తుంది, అది 1009 వర్గం. 10,22,117 వేస్తే (1022117) అని వస్తుంది, అది 1009, 1013ల లబ్ధం. 429,49,67,291 వేస్తే అదీ అలాగే బ్రాకెట్లో కూర్చుంటుంది, అది మాత్రం ముప్పై రెండు బిట్ల హద్దు లోపల అన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్య. విడిపోయేదానికీ విడిపోనిదానికీ ఒకే వేషం వేస్తే చూసేవాడు ఏమనుకోవాలి? మా అమ్మాయి మొదటి రోజే, "నాన్నా, బ్రాకెట్ ఉంటే ప్రైమ్ అనా, కాదనా?" అని అడిగింది. రెండూ కాదు, మనమే కనుక్కోమని అర్థం అన్నాను. "అయితే దీన్ని కొన్నది దేనికి?" అంది. జవాబు చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది, ఆ సాయంత్రం గురించి కొంచెం వివరంగా రాస్తాను.

మూడో పరీక్షలో బ్రాకెట్లో పడిన 67,00,417 వర్గమూలం 2588 పైచిలుకు. మామూలుగా అయితే 2588 లోపు ప్రధానాలన్నిటితో భాగించి చూడాలి. 997 దాకా యంత్రమే చూసేసింది కాబట్టి 1009 నుంచి మొదలుపెట్టినా ఇంకా రెండు వందలకు పైగా ఉంటాయి. అంత ఓపిక మా ఇద్దరికీ లేదు. కానీ ఇది ఊరూ పేరూ లేని సంఖ్య కాదు, 2³²+1కి కారణాంకం. దాన్ని భాగించే ప్రధానం ఏదైనా 2³²+1ని కూడా భాగించాలి, కనుక 64 నియమం దానికీ వర్తిస్తుంది. ల్యూకా 1878లో ఆ నియమాన్ని ఇంకా బిగించి 64 స్థానంలో 128 పెట్టవచ్చని చూపాడు. అప్పుడు పరీక్షించవలసినవి 128 గుణిజాలకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలు మాత్రమే. కరెంటు బిల్లు వెనుక వాటిని రాసుకున్నాం: 129, 257, 385, 513, 641, 769, 897 అంటూ 2561 దాకా. మొత్తం ఇరవై. మూడుతో, ఐదుతో, ఏడుతో పోయేవి అమ్మాయి గబగబా కొట్టేసింది. 1537 దగ్గర ఆగిపోతే మీట నొక్కాం, 29×53 అని వచ్చింది. 1793ని 11×163 అని, 1921ని 17×113 అని, 2561ని 13×197 అని యంత్రమే విడగొట్టింది. ఇరవైలో చివరికి మిగిలిన ప్రధానాలు ఐదే: 257, 641, 769, 1153, 1409.

ఐదు భాగాహారాలు చేశాం. 257తో శేషం 170. 641తో 44. 769తో భాగిస్తే తెర మీద 8713.156 అని మొదలయ్యే దశాంశం వచ్చింది. 8713ను 769తో గుణించి తీసేస్తే 120 మిగిలింది. 1153తో 334, 1409తో 622. ఏ ఒక్కటీ సున్నా కాలేదు. కాబట్టి బ్రాకెట్లో ఉన్న 67,00,417 ప్రధాన సంఖ్యే. 257, 641, 769లను యంత్రం ముందే చూసేసి ఉంటుంది కనుక నిజానికి మేము చేయవలసినవి చివరి రెండే. అది మాకు పని అయిపోయాక గాని తట్టలేదు. యంత్రం ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మనిషి రెండు భాగాహారాల దూరంలో గమ్యం చేరుకోవచ్చన్నమాట, అయితే ఆ సంఖ్య పుట్టుపూర్వోత్తరాలు తెలిసి ఉండాలి.

641 గురించి కూడా ఒక మాట. అది భాగిస్తుందని నమ్మడానికి పది అంకెల భాగాహారం కూడా అక్కరలేదు. 641 అంటే 5×128+1, అంటే 5×2⁷+1. అదే 641 అంటే 625+16 కూడా, అంటే 5⁴+2⁴. 641తో భాగిస్తే మిగిలే శేషాల లెక్కలో 5×2⁷ అన్నది −1తో సమానం. దాన్ని నాలుగో ఘాతానికి తీసుకుంటే 5⁴×2²⁸ అన్నది 1తో సమానం. రెండో రూపం ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టవచ్చు. పెడితే −2³² అన్నది 1 అవుతుంది, అంటే 2³²+1 శేషం సున్నా. సంఖ్యను ఒక్కసారి కూడా పూర్తిగా రాయకుండా లెక్క తేలిపోయింది. మా అమ్మాయికి భాగాహారాల కన్నా ఇదే నచ్చింది. నాకు మాత్రం భాగాహారాలే ఇష్టం, శేషం చేతికి తగులుతుంది.

ఈ సంఖ్యలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటి ఉంది, అది వర్గం మీటతో చూసుకోవచ్చు. 4 గుణిజానికి ఒకటి ఎక్కువైన ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క రకంగా రాయవచ్చు. మన సంఖ్యకు ఒక రకం చూడగానే తెలుస్తుంది: 65536 వర్గానికి 1 వర్గం కలపడం. ఇప్పుడు 62264 వర్గానికి 20449 వర్గం కలిపి చూడండి. తెర మీద మళ్ళీ 4294967297 వస్తుంది. రెండో రకం దొరికింది కనుక, కారణాంకం ఏదీ చేతిలో లేకపోయినా, ఇది ప్రధానం కాదని రుజువైపోయింది. ఈ రెండో జంట గాలిలోంచి ఊడిపడలేదు: 641 అంటే 25, 4ల వర్గాల మొత్తం, 67,00,417 అంటే 2556, 409ల వర్గాల మొత్తం. ఈ నాలుగింటినీ అడ్డంగా నిలువుగా గుణిస్తే 25×2556 అంటే 63,900, 4×409 అంటే 1,636. కలిపితే 65,536, తీసేస్తే 62,264. అలాగే 25×409 అంటే 10,225, 4×2556 అంటే 10,224. తీసేస్తే 1, కలిపితే 20,449. ఒక్క తేడాతో రెండు లబ్ధాలు పక్కపక్కన వచ్చి నిలబడటం చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. పైగా 20449 తానే 143 వర్గం.

హద్దు దాటిన సంఖ్యల విషయంలో ఈ యంత్రానికి అంత మంచి మార్కులు వేయలేను. తెర మీద కనిపించేవి పది అంకెలు, లోపల దాచుకునేవి పదిహేను. 2⁴⁰ వేస్తే 1.099511628×10¹² అని వస్తుంది, చివరి అంకెలు దిగమింగినట్టు కనిపిస్తాయి. అందులోంచి 1.0995×10¹² తీసేస్తే 11627776 అని మిగతావి బయటపడతాయి, రెండూ కలిపి చదివితే 1099511627776. ఈ చిట్కా పదిహేను అంకెల వరకే పనిచేస్తుంది. 10¹⁶కు ఒకటి కలిపి మళ్ళీ 10¹⁶ తీసేస్తే జవాబు సున్నా అని వస్తుంది, ఎటువంటి హెచ్చరికా లేకుండా. కారణాంకాల దగ్గర బ్రాకెట్ పెట్టి నిజాయితీ చూపిన యంత్రం ఇక్కడ నోరు మెదపదు. ఇక సంఖ్యామానాలు మార్చే మోడ్‌లో 2147483647 దాటితే లోపం చూపించి ఆగిపోతుంది. ఒక విధంగా అదే నయం.

బెంగళూరులోనే పుట్టిన శకుంతలా దేవి 1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో 7,686,369,774,870ను 2,465,099,745,779తో గుణించి ఇరవై ఎనిమిది సెకన్లలో 18,947,668,177,995,426,462,773,730 అని జవాబు చెప్పారు. ఆ లెక్క ఇందులో వేస్తే 1.894766818×10²⁵ అని వస్తుంది. ఇరవై ఆరు అంకెలలో పది. మిగిలిన పదహారింటికి పాత బడి పద్ధతే దిక్కు: తొమ్మిదులు కొట్టేస్తే, అంటే ఒక్క అంకె మిగిలేదాకా అంకెలు కలుపుతూ పోతే, మొదటి సంఖ్య అంకెల మొత్తం 78, అంటే 6. రెండోదానిది 74, అంటే 2. లబ్ధం 12, అంటే 3. జవాబు అంకెల మొత్తం 138, అదీ 3. ఇది పూర్తి రుజువు కాదు కానీ, మా తాతగారు కిరాణా పద్దులు ఇలాగే సరిచూసేవారు.

ఇక్కడ యంత్రం తన లోటును తానే కొంత పూడ్చుకున్న సందర్భం ఒకటి చెప్పాలి. ఫెర్మా వరుసలో 2³²+1 తర్వాతిది 2⁶⁴+1, అంటే 18,446,744,073,709,551,617. ఇరవై అంకెలు. కారణాంకాల మీట పది అంకెలు దాటితే పనిచేయదు కనుక దీన్ని నేరుగా వేయడానికి వీల్లేదు. 1880లో లాండ్రి దీన్ని 274177, 67280421310721ల లబ్ధంగా విడగొట్టాడు. దాన్ని ఈ చిన్న తెర మీద సరిచూడవచ్చా అని కూర్చున్నాను. 2⁶⁴ అంటే 2³² వర్గమే కదా. 429,49,67,296ను 274177తో భాగిస్తే భాగఫలం 15664, శేషం 258768. ఆ శేషం 274177కు 15409 తక్కువ. కనుక భాగాహారం వరకు 2³²ను −15409 అనుకోవచ్చు. వర్గం చేసి ఒకటి కలిపితే 23,74,37,282. ఇది పది అంకెల లోపే ఉంది. మీట నొక్కాను. 2×433×274177 అని వచ్చింది, బ్రాకెట్ లేకుండా. ఇరవై అంకెల సంఖ్యను ముట్టుకోకుండానే దాని కారణాంకం తెర మీద నిలబడింది. ఈ ఒక్క లెక్క కోసమైనా డబ్బు దండగ కాలేదనిపించింది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ధర పదిహేను వందల లోపే అయింది, బేరమాడితే యాభై రూపాయలు తగ్గించి ఒక పెన్ను ఇచ్చారు. మీటలు గట్టిగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. కారణాంకాల మీట విడిగా లేదు, డిగ్రీ నిమిషాల మీట పైన పసుపు రంగులో అతి చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. ముందు సమానం నొక్కి జవాబు తెచ్చుకొని, తర్వాత షిఫ్ట్‌తో కలిపి దాన్ని నొక్కాలి. ఈ క్రమం తెలియక నేను కౌంటరు దగ్గర రెండు నిమిషాలు తడబడ్డాను. నలభై దాటిన కళ్ళకు ఆ పసుపు అక్షరాలు సాయంత్రం వెలుతురులో కనిపించవు. సూచనల కాగితం చదవడానికి భూతద్దం కావాలి. చాలా బోర్డుల పదో తరగతి, పన్నెండో తరగతి గణితం పరీక్షలలో క్యాలిక్యులేటర్‌ను అనుమతించరు కాబట్టి మార్కుల కోసం కొనాలనుకునే తల్లిదండ్రులకు ఇది పనికిరాదు. సంఖ్యలంటే కుతూహలం ఉన్న పిల్లలున్న ఇంట్లో మాత్రం, పెద్దవాళ్ళు పక్కన కూర్చునేటట్టయితే, కొనమనే చెబుతాను. పక్కన ఎవరూ లేకపోతే బ్రాకెట్ దగ్గర పిల్లలు ఆగిపోతారు, అది ప్రధానమేనని పొరపడే ప్రమాదం కూడా ఉంది.

జారుడు మూత లోపలి వైపు కంపెనీవాళ్ళు ఏవో సూత్రాల పట్టిక అంటించి ఇచ్చారు. దాని మీద మా అమ్మాయి తెల్ల కాగితం ముక్క అంటించి 257, 641, 769, 1153, 1409 అని రాసింది. మొన్న చూస్తే వాటి కింద పెన్సిలుతో 274177 అని కూడా ఉంది.